గల్లీలోకి దిగాల్సిన పాఠం

ముంబైలో కామాటిపురలోనూ వర్లీ చాళ్లలోనూ తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్నారు. వాళ్ల చుట్టూ ఉపన్యాసాలకు కొదవ లేదు. వాళ్ల మాటలో, వాళ్ల గుమ్మం ముందు, పైసా అడగకుండా చెప్పే పాఠానికే కరువు. ఆ కరువు తీర్చడానికి ఈ వేసవి మంచి అదను.

ఈ అనుబంధం మీ చేతికి వచ్చేది ఆదివారం పూట. బొంబాయి మిల్లు కార్మికుడికి ఆ ఆదివారం ఊరికే దక్కలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పెట్టారు. వేలమంది కార్మికుల చేత అర్జీల మీద సంతకాలు చేయించారు. ఏళ్ల తరబడి సభలు నడిపి, చివరికి 1890 జూన్ 10న మిల్లు యజమానుల చేత వారానికొక సెలవు ఒప్పించారు. లోఖండే జోతిరావు ఫూలే శిష్యుడు, ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజ్ మనిషి. ఆ సమాజ్‌కు బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో మన కామాటీలు ముందు వరసలో ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకు బాలాజీ కాళేవార్ లాంటి పెద్దలు ఫూలేకు ఆప్తులు. కట్టడాల కాంట్రాక్టులతో సంపాదించిన డబ్బును వాళ్లు చదువు మీద, ఉద్యమం మీద పెట్టారు. పుణెలోని సమాజ్‌కు అచ్చు యంత్రం సమకూర్చింది ఈ బొంబాయి తెలుగు మిత్రులే.

చదువు శూద్రులకు, అతిశూద్రులకు, ఆడవాళ్లకు అందకపోతే ఏమవుతుందో ఫూలే జీవితమంతా చెబుతూ వచ్చారు. ఆ మాట విని చేయి అందించిన తెలుగువాళ్లు ఉన్న నగరంలో, వాళ్ల వారసుల చాళ్లలో ఇవాళ వయసు మళ్లినవాళ్లు కొత్త విషయం ఒకటి తెలుసుకోవాలంటే ఎక్కడికి పోవాలి? ఈ కథనం అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

రాళ్లెత్తినవాళ్ల పేట

హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట 1784లో పూర్తయి సముద్రపు పోటు ఆగాక, బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు మెల్లగా నివాసానికి పనికొచ్చాయి. ఆ నేలల్లోనే నిజాం రాజ్యం నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. రాళ్లు మోశారు, సున్నం కలిపారు, మట్టి తవ్వారు, గోడలు లేపారు. వాళ్లను అందరూ కామాటీలన్నారు. వాళ్లున్న చోటు కామాటిపుర అయింది. తర్వాత మిల్లులు వచ్చాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు మగ్గం చేత్తో వచ్చి సాంచాల (మిల్లు మగ్గాల) ముందు నిలబడ్డారు. పాలమూరు కూలీలు కట్టుబడి పనికి వస్తూనే ఉన్నారు. వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి దాకా తెలుగు చాళ్లు పరుచుకున్నాయి.

కామాటిపుర పేరెత్తితే దేశానికి గుర్తొచ్చేది వేశ్యావాటిక ఒక్కటే. సినిమాలు కూడా ఆ ఒక్కదాన్నే చూపించాయి. ఆ గల్లీల్లోనే బతుకమ్మలు పేర్చారు, బోనాలు ఎత్తారు, పిల్లల్ని మునిసిపల్ తెలుగు బడికి పంపారు, చీటీలు కట్టి ఊళ్లో అప్పు తీర్చారు. ఈ బతుకంతా పక్కకు పోయి ఒక్క మచ్చ మిగలడం అన్యాయం. తమ చరిత్రను ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడంతో, ఆ గల్లీల్లో పుట్టిన పిల్లలు కూడా ఊరి పేరు అడిగితే తటపటాయిస్తారు. మనోహర్ కదమ్ లాంటి మరాఠీ పరిశోధకుడు ముంబై నిర్మాణంలో తెలుగువాళ్ల పాత్ర మీద పుస్తకం రాశాడు. అందులోని సంగతులు ఆ చాళ్ల నడవాల్లో ఎన్నిసార్లు వినిపించాయి?

వసంతకాలపు వేదికలు

వేసవిలో జనం కోసం ఉపన్యాసాలు పెట్టడం మహారాష్ట్రకు కొత్త కాదు. మహాదేవ గోవింద రానడే చొరవతో 1875లో పుణెలో వసంత వ్యాఖ్యానమాల మొదలైంది. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 21 నుంచి మే 20 దాకా, రోజుకొక వక్త, రోజుకొక విషయం. చరిత్ర, ఆర్థికం, వైద్యం, సంగీతం, రాజకీయం, ఏదైనా కావచ్చు. పరీక్ష లేదు, పట్టా లేదు. పెన్షన్ తీసుకునే పెద్దాయన, కాలేజీ కుర్రాడు పక్కపక్కన కూర్చుంటారు. ఆ నమూనా చూసి మహారాష్ట్రలో ఊరూరా వ్యాఖ్యానమాలలు వెలిశాయి. ఒక భాషా సమాజం నూటయాభై ఏళ్లుగా తనకు తాను పాఠం చెప్పుకుంటోందంటే అది మామూలు సంగతి కాదు. మనం అసూయ పడదగినది, నేర్చుకోదగినది.

అయితే ఆ కాలంలోనే ఫూలే ఒక గట్టి ప్రశ్న వేశారు. 1885 వేసవిలో పుణెలో మరాఠీ గ్రంథకర్తల సభ జరిగింది. రమ్మని రానడే పిలిచారు. ఫూలే వెళ్లలేదు. శూద్రాతిశూద్రుల కష్టసుఖాలు తెలియనివాళ్ల సభలతో, పుస్తకాలతో తమవాళ్ల రాతకు పొత్తు కుదరదని జాబు రాశారు. ఉపన్యాసం మంచిదే. అది ఎవరి కోసం, ఎవరి మాటలో, ఎవరి గడప ముందు అన్నదే ఫూలే అడిగినది. కామాటిపుర విషయంలో ఆ ప్రశ్న ఇవాళ్టికీ పచ్చిగానే ఉంది.

ఎందుకంటే, ఈ గల్లీల పక్కదాకా జ్ఞానం ఎన్నోసార్లు వచ్చింది. కామాటిపురను ఆనుకునే నాగ్‌పాడా. అక్కడ 1927లో అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే ఆయన నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ తెరిచారు. ఆట స్థలం, చదువుకునే గది, వైద్యం, ఉపన్యాసాలు, అన్నీ ఒకే కప్పు కింద. భారతదేశంలో సంఘ సేవ చదువుగా మొదలైందీ అక్కడే. 1936లో సర్ దోరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఆ భవనంలోనే ప్రారంభమైంది. ఇవాళ దేశమంతా టిస్ అని పిలిచే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే.

నగరం ఎలా నడుస్తోంది, ఎలా నడవాలి అన్నదాని మీద మాన్‌షార్ట్ ఉపన్యాసాలు ఏర్పాటు చేసి పుస్తకాలుగా వేయించారు. 'బాంబే టుడే అండ్ టుమారో' 1930లో, 'ది బాంబే మునిసిపాలిటీ ఎట్ వర్క్' 1935లో వచ్చాయి. ఇళ్లు, ఆరోగ్యం, మునిసిపాలిటీ పనితీరు లాంటి విషయాలు. ఆ మునిసిపాలిటీ వీధులు ఊడ్చినవాళ్లలో, దాని గోడలు కట్టినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పుస్తకాలు మాత్రం ఇంగ్లిషులో ఉన్నాయి. మాన్‌షార్ట్ చేసిన పని గొప్పది, అందులో సందేహం లేదు. కానీ నగరం గురించిన మాట, నగరాన్ని మోసినవాడి చెవికి చేరాలంటే మధ్యలో ఇంకో మనిషి కావాలి. తెలుగులో తిప్పి చెప్పే మనిషి.

అలాంటి మనుషులు ఒక వేసవిలో దొరికారు. 1939లో బొంబాయిలో వయోజనుల అక్షరాస్యత ఉద్యమం నడిచింది. బడులకు సెలవులు, పంతుళ్లకు తీరిక. మరాఠీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగువాళ్లకు తెలుగులోనే అక్షరాలు దిద్దించాలని ఆ ఉద్యమం పెట్టుకున్న నియమం. పెద్దవాళ్ల చదువు వాళ్ల ఇంటి భాషలో ఉండాలన్న ఇంగితం ఈ నగరానికి ఒకప్పుడు ఉండేది.

మన దగ్గరా ఉంది ఆ దారి

తెలుగువాళ్లకు ఈ సంప్రదాయం లేదనుకుంటే పొరపాటు. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం అమ్మింది, ఆ లాభంతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలోనే. 1914లో మద్రాసు వెళ్లి దినపత్రిక అయ్యేదాకా అది ఈ నగరపు పత్రిక. నాగపూర్‌లో చదివి మరాఠీ సాహిత్యం ఒంటబట్టించుకున్న కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు పూనుకున్నారు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం తెలుగు మాటల్లో తెలుగువాడికి అందాలన్నదే ఆ మండలి పట్టుదల. 1935లో కృష్ణా కాలువల మీద పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో పెట్టి రేవు రేవుకూ పంపారు. చదువరి గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే చదువరి దగ్గరికి పోయింది.

ఆ పడవలాగే ఉపన్యాసం కూడా కదలాలి. ముంబైలో తెలుగు సభలు జరగడం లేదని కాదు. దాదర్‌లో 1933 నుంచి బొంబాయి ఆంధ్ర మహాసభ ఉంది. వడాలాలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడి నడుపుతోంది. కవి సమ్మేళనాలు, ఉగాది వేడుకలు, నాటకాలు, సంగీతం, అన్నీ ఉన్నాయి. ముంబై సెంట్రల్‌లో లోకల్ ఎక్కితే దాదర్ నాలుగో స్టేషను, అంతే దూరం. కానీ రోజంతా నాకా మీద నిలబడి, దొరికిన పనికి పోయి వచ్చిన మేస్త్రీ ఆ సాయంత్రం స్నానం చేసి, చొక్కా మార్చి, నాలుగు స్టేషన్లు పోయి ఇస్త్రీ బట్టల మధ్య కుర్చీలో కూర్చోడు. పిలవనందుకు కాదు, తనకోసమని అనిపించదు. ఆ అడ్డు కంటికి కనపడదు గానీ గట్టిది. దాన్ని దాటాల్సింది వక్త, మేస్త్రీ కాదు.

చాట ముందు కూర్చున్న శ్రోత

శ్రోత ఎవరో ఒకసారి దగ్గరగా చూద్దాం. తెలుగు చాళ్లలో ఆడవాళ్లు చాలాకాలంగా బీడీలు చుడుతున్నారు. తునికాకు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి పెడతారు. రేకు ముక్కను ఆకు మీద అచ్చుగా ఆనించి కత్తెరతో కోస్తారు. ఒళ్లో చాట, చాటలో పొగాకు. చిటికెడు పోసి, వేళ్ల మధ్య దొర్లించి, కొన మడిచి, దారం చుట్టి తెంపుతారు. కూలి వెయ్యి లెక్కన. చూపు చేతుల మీద ఉండాలి, చేతులు ఆగకూడదు. ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. ఆ చెవిలో ఇప్పుడు ఫోన్లో రీల్సు మోగుతున్నాయి, సీరియళ్లు నడుస్తున్నాయి. అదే చెవికి నలభై నిమిషాలు మంచి పాఠం చెబితే, ఒక్క బీడీ కూడా తగ్గదు.

ఇది ఊహ కాదు. కేరళలో కన్నూరు బీడీ కార్మికులు తమలో ఒకరి చేత దినపత్రికలు, పుస్తకాలు బిగ్గరగా చదివించుకుని, ఆ చదివేవాడి కూలి నష్టపోకుండా మిగతావాళ్లు చూసుకునేవారు. 1969లో పుట్టిన దినేశ్ బీడీ సహకార సంఘంలోనూ ఆ పద్ధతి సాగింది. మలయాళ సమాజంలో రాజకీయ చైతన్యానికి ఆ చదువు ఎంత తోడ్పడిందో వాళ్ల చరిత్రకారులు చెబుతారు. మన అక్కలకూ అమ్మలకూ అది ఎందుకు దొరకకూడదు?

ఇక మగవాళ్లు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పాల్గొన్నారు. మిల్లులు మళ్లీ కోలుకోలేదు. అప్పుడు సాంచా మీద ఉన్న కుర్రాడు ఇవాళ అరవై దాటిన తాత. సాంచాలో ఏ పన్ను ఎక్కడ తిరుగుతుందో వేళ్లతో చెప్పగలడు. వాచ్‌మన్ ఉద్యోగాలు చేశాడు, కూరగాయల బండి తోశాడు. ఆయన దగ్గర తీరిక ఉంది, కుతూహలం ఉంది, అనుభవం బోలెడంత ఉంది. ఫ్రాన్సులో 1973లో టూలూజ్ విశ్వవిద్యాలయం రిటైరైనవాళ్ల కోసం తలుపులు తెరిస్తే, అక్కడి నుంచి ఆ ఆలోచన ఎన్నో దేశాలకు పాకింది. ముసలితనంలో మెదడుకు పని కావాలని వాళ్లు గుర్తించారు. మన తాతకు గుడి మెట్లు, రచ్చబండ మాటలు తప్ప ఇంకేం ఇచ్చాం?

ఏం చెప్పాలి?

ఇక్కడ వక్తలకు ఒక విన్నపం. భువనవిజయం, అష్టదిగ్గజాలు, అవధాన వైభవం, వీటితో మొదలుపెట్టకండి. అవి మంచివే, వాటి రోజు వాటికి వస్తుంది. మొదటి సాయంత్రం చాల్ మనిషి రాత్రి నిద్ర పట్టక ఆలోచించే విషయం మాట్లాడండి.

అది ఇవాళ ఇల్లు. కామాటిపురలో మరమ్మతుల సెస్ కట్టే పాత భవనాలను క్లస్టర్ పద్ధతిలో కూల్చి కట్టే పథకం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. వర్లీలో ఆ పని కళ్ల ముందే జరుగుతోంది. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. మధ్యలో పొడవాటి నడవా, రెండు వైపులా తలుపులు, చివర్లో అందరికీ కలిపి మరుగుదొడ్లు. ఆ గదిలో నుంచి 500 చదరపు అడుగుల ఫ్లాటులోకి మారేందుకు 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలు తాళాలు అందుకున్నాయి. సంతోషించాల్సిన విషయమే. అయితే ఇలాంటి పథకాల్లో అర్హత ఎలా తేలుస్తారు, అద్దె పావతీ ఎవరి పేరు మీద ఉండాలి, తండ్రి పోయాక పేరు ఎలా మార్చుకోవాలి, పగిడీ గదిలో ఉన్నవాడి హక్కేమిటి, ట్రాన్సిట్ అద్దె ఎన్నాళ్లిస్తారు? కాగితాలన్నీ మరాఠీలో, ఇంగ్లిషులో ఉంటాయి. మరాఠీ మాట్లాడగలిగినవాళ్లందరూ సర్కారీ మరాఠీ చదివి అర్థం చేసుకోలేరు. తెలుగు వచ్చిన ఒక లాయరు రెండు సాయంత్రాలు కూర్చుంటే ఎన్ని ఇళ్లు దళారీల చేతిలో పడకుండా ఉంటాయో!

తర్వాత ఒళ్లు. జె.జె. ఆసుపత్రి, నాయర్ ఆసుపత్రి కామాటిపురకు నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. అక్కడ డాక్టరుకు ఒక్కో రోగి మీద పెట్టగలిగేది కొద్ది నిమిషాలు. చక్కెర జబ్బున్నవాడి కాలికి పుండు పడితే ఎందుకు మానదో, బీపీ మాత్ర బాగున్నప్పుడు కూడా ఎందుకు మింగాలో, బీడీ ఆకు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో వివరించే వ్యవధి ఆ ఓపీలో దొరకదు. నడవాలో దొరుకుతుంది.

అవసరం తీర్చే పాఠాలతోనే ఆగిపోతే అది సగం గౌరవమే అవుతుంది. పేదవాడికి పనికొచ్చేదే చెప్పాలి, అందమైనది అక్కర్లేదు అనుకోవడం తప్పు. మృగశిర కార్తె నాటికి ముంబైలో వాన ఎందుకు పడుతుంది, అదే మబ్బు పాలమూరు చేరేసరికి ఎందుకు పలుచబడుతుంది? పడమటి కనుమల మీద ఒక సాయంత్రం చెబితే, రెండు ఊళ్ల మధ్య బతుకంతా తిరిగిన మనిషికి తన వలస కథ భూగోళంలో కనిపిస్తుంది. వర్లీలో 1977 నుంచి నెహ్రూ ప్లానిటోరియం ఉంది, తెలుగు చాళ్లకు కూతవేటు దూరం. సప్తర్షులు, కృత్తిక, రోహిణి అన్న పేర్లు మన ముసలమ్మలకు పంచాంగం ద్వారా తెలుసు. ఆ పేర్ల వెనకున్న చుక్కల్ని చాల్ డాబా మీద నిలబెట్టి చూపించేవాడు ఒక్కడు కావాలి. నగరపు వెలుగులో అన్నీ కనపడవు, కనపడేవి చాలు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. సాంచా మీద పనిచేసిన తాతే ఒక రోజు వక్త కావాలి. సమ్మె రోజుల్లో పొయ్యి ఎలా వెలిగిందో, మూడు షిఫ్టుల్లో ఒకే గదిలో ఎంతమంది ఎలా పడుకున్నారో ఆయన చెబుతుంటే, ఎదురుగా కూర్చున్న మనవడు రాసుకోవాలి. పుస్తకాల్లోకి ఎక్కని ముంబై చరిత్ర అది. చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎక్కువ కాలం ఉండరు.

వేసవిలో చాల్ ఖాళీ అవుతుందిగా?

న్యాయమైన సందేహం. మే నెల వచ్చిందంటే దేవగిరి ఎక్స్‌ప్రెస్ కిటకిటలాడుతుంది, తెలంగాణ బస్సులు నిండిపోతాయి. పెళ్లిళ్లు, జాతరలు, ఊళ్లో ఇంటి పనులు. కానీ పిల్లలు, తల్లులు పోయినప్పుడు కూడా పెద్దవాళ్లలో చాలామంది గది కాచుకుని ఇక్కడే ఉంటారు. సెలవు లేని కూలీ ఇక్కడే ఉంటాడు. పైగా ఏప్రిల్ నెలంతా చేతిలో ఉంది. ఏప్రిల్ 11 ఫూలే జయంతి, 14 అంబేడ్కర్ జయంతి, మే 1 కార్మిక దినం, మహారాష్ట్ర దినం కూడా. ఈ మూడు తేదీల్లో చాళ్లలో ఎలాగూ పందిరి పడుతుంది, మైకు మోగుతుంది. పూలదండ వేసి, పాటలు పెట్టి ముగించకుండా, ఆ పందిరి కిందే ఒక పాఠం పెట్టడానికి కొత్తగా ఖర్చేముంది?

చోటు కూడా వెతుక్కోనక్కర్లేదు. గణపతి మండళ్ల గదులు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటాయి. కుర్చీలు, చాపలు, ఫ్యాన్లు, స్పీకర్లు వాటిలోనే ఉన్నాయి. వర్లీలో కుల సంఘాల హాళ్లున్నాయి. వేళ మాత్రం ఆడవాళ్లను అడిగి పెట్టాలి. నీళ్లొచ్చే సమయం, వంట సమయం వాళ్లకే తెలుసు. నలభై నిమిషాలు మాట, ఆ తర్వాత ప్రశ్నలకు ఎంతసేపైనా. అసలు చదువు ప్రశ్నల్లోనే జరుగుతుంది. భాష గురించి ఒక్క మాట: చాళ్లలో తెలుగు తెలంగాణ యాసతో, మరాఠీ కలుపుతో ఉంటుంది. దాన్ని దిద్దడానికి పోకండి. ఆ తెలుగులోనే చెప్పండి.

చెప్పేవాళ్లూ నగరంలోనే ఉన్నారు. ముంబై మహానగర పాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు ఒకటి. పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు, బడులు మూతపడుతున్నాయి. అది వేరే కథనానికి సరిపడా దుఃఖం. ఆ బడుల్లో పాఠం చెప్పి రిటైరైన తెలుగు మాస్టర్లు, టీచరమ్మలు మాత్రం ఇక్కడే ఉన్నారు. ఏ గదిలో ఎవరుంటారో, ఎవరి తండ్రి ఏ మిల్లులో చేశాడో వాళ్లకు తెలుసు. వాళ్లు పిలిస్తే జనం వస్తారు. ముంబై విశ్వవిద్యాలయంలో జీవితపర్యంత విద్యకు ప్రత్యేక విభాగం ఉంది, కాలేజీ పిల్లలను సమాజంలోకి పంపడం దాని పని. కేంద్రం 2022 నుంచి 2027 దాకా నడుపుతున్న 'ఉల్లాస్' పథకంలో పదిహేనేళ్లు దాటినవాళ్ల అక్షరాస్యతతో పాటు నిరంతర విద్య కూడా ఉంది. అడిగితే సాయం రావచ్చు. రాకపోయినా ఆగాల్సిన పని లేదు. అచ్చు యంత్రం కొనడానికి అయ్యవారు, లింగు, కాళేవార్ ఏ పథకం కోసమూ ఎదురుచూడలేదు.

పాత భవనాలు పడిపోయాక ఈ జనం టవర్లలోకి పోతారు, కొందరు నాలాసోపారా, భివండీ, కల్యాణ్ దారి పడతారు. ఒక నడవాలో ఇరవై తలుపులు తెరిచి పెట్టుకుని బతికే అలవాటు లిఫ్టు ఇళ్లలో నిలవదు. ఒక్క కేకతో యాభైమందిని కూర్చోబెట్టగలిగే అవకాశం చాల్‌కు ఇంకా కొన్నేళ్లే ఉంది.

అందుకే ముంబైలోని తెలుగు డాక్టర్లకు, నర్సులకు, లాయర్లకు, లెక్చరర్లకు, బ్యాంకుల్లో రిటైరైనవాళ్లకు, దాదర్, వడాలా సభల పెద్దలకు ఈ విజ్ఞప్తి: ఈ వేసవిలో ఒక్క ఆదివారం సాయంత్రం ఇవ్వండి. మీకు బాగా తెలిసిన ఒక్క విషయం ఎంచుకోండి. దగ్గర్లోని మండలి కార్యకర్తతో మాట్లాడి గది తాళం తీయించండి. చాళ్లలో ఉన్నవాళ్లు వక్త కోసం ఎదురుచూడకుండా, ఏం తెలుసుకోవాలనుందో ఒక కాగితం మీద రాసి మీ పాత మాస్టారి చేతిలో పెట్టండి. ఏప్రిల్ 11 నాటికి ఒక్క గల్లీలో మొదలైనా చాలు.